ఒక చుక్క, ఒక ఇమానం

మా చిన్నమ్మ మంచం పట్టిందని తెలిసి జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సెక్కాను. ప్రేమతో పోయానని అబద్ధం రాయను. చూడ్డానికి కూడా రాలేదన్న మాట పడకూడదని పోయాను. మా ఇంట్లో ఒకసారి మాట పడిందంటే మనిషి పోయినా ఆ మాట పోదు. ఆ సంగతి నాకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. కోరుట్లలో దిగి, షేర్ ఆటోలో ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఇరుక్కుని, ఒడిలో బత్తాయిల సంచి పెట్టుకుని ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. చిన్నమ్మ అంటే మా బాపు తమ్ముడి భార్య. వాకిట్లో నులక మంచం మీద ఎండిన తునికాకులా పడుకుని ఉంది. ఆమె చిన్న కొడుకు మస్కట్‌లో ఉంటాడు. అతని భార్య రజితే ఆమెకు స్నానం చేయించి, గటుక జావ తాగించి చూసుకుంటోంది. చిన్నమ్మకు మతి సరిగా లేదట. పొద్దున తిన్నది మాపటికి గుర్తుండదట. కన్నకొడుకు పేరు కూడా ఒక్కోనాడు నోటికి రాదట.

"అత్తమ్మా, ఎవలచ్చిండ్రో చూడు. జగిత్యాల వదినె," అని రజిత ఆమె తల కింద చెయ్యి పెట్టి లేపింది.

చిన్నమ్మ కళ్లు చికిలించి నన్ను చాలాసేపు చూసింది. తర్వాత ముఖమంతా వెలిగింది. "ఇమానమామె బిడ్డవు గాదు?" అంది.

రజిత నా వైపు తిరిగింది. "ఇమానమామె ఎవలు వదినే?"

"మా అవ్వ," అన్నాను. మా దిక్కు తల్లిని అవ్వ అని, తండ్రిని బాపు అని అంటాం. బత్తాయిల సంచి గోడవారగా పెట్టాను. కొడుకు పేరు మరిచిన మనిషి మా అవ్వకు ఊరు పెట్టిన పేరు మాత్రం మరిచిపోలేదు. అవ్వ పోయి చాలా కాలమైంది. ఆ పేరు ఎట్లా వచ్చిందో తెలిసినవాళ్లు మా ఇంట్లో ఇప్పుడు నేను, మంచం మీది చిన్నమ్మ తప్ప ఎవరూ మిగల్లేదు. చిన్నమ్మ చెప్పగా వినడం కంటే నేను రాయగా చదవడం నయం.

మా బాపు తాళ్లు, ఈదులు గీసేవాడు. ఇంట్లో ఎప్పుడూ పులిసిన కల్లు వాసన ఉండేది. దూలానికి వేలాడే, చెట్టెక్కే మోకుదీ, నడుముకు కట్టే ముత్తాదుదీ మనిషి చెమట నానిన తోలు వాసన. దాని పక్కనే అవ్వ కూర్చునే మూలలో తంబాకు వాసన. ఆమె బీడీలు చేసేది. ఒడిలో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, ఆకు ఆరిపోకుండా పక్కన తడి గోనెసంచి. ఆకు పొట్లం చుట్టి, దారం వేసి, మూతి మడిచే ఆ వేళ్లు మాట్లాడుతున్నా ఆగేవి కావు, ఏడుస్తున్నా ఆగేవి కావు. బాపు వేగుచుక్కతో లేచేవాడు. మా ఇంట్లో గడియారం లేదు, ఉండాలని ఎవరికీ అనిపించలేదు కూడా. గొర్రుకొయ్యలు పడమటికి వాలితే ఇంత పొద్దని, పిల్లలకోడి చుక్కల గుంపు నడినెత్తికి వస్తే ఇంత పొద్దని లెక్క. ఆ గొర్రుకొయ్యలు, ఒకే వరసలో నిలబడ్డ మూడు చుక్కలు, నాకు మొదట చూపించింది బాపే. నా గడ్డం పట్టుకుని తల పైకి తిప్పి, "అగో, మనం ఎద వెట్టే గొర్రు అసొంటిదే. దేవుడు గూడ ఎవుసం జేస్తడు," అన్నాడు. దేవుడి వ్యవసాయం ఎట్లా సాగిందో కానీ, కింద మా చెరువు మాత్రం వరసగా ఎండింది. చెరువు కింది ఈదులు ఒక్కొక్కటే తలలు వాల్చాయి. చెట్టుకు కల్లు లొట్టి కట్టినా అడుగు తడవని రోజులు వచ్చాయి.

ఇక బాపమ్మ. బాపును కన్న తల్లి. ఇంటికి ఆమె మాటే చట్టం. సందె వేళ పిల్లలెవరైనా ఆకాశం వైపు తల ఎత్తితే ముందు ఆమె గొంతు వినిపించేది. "ఒంటి చుక్కను జూడకుండ్రి! రెండోది దొరికినంకనే కండ్లు తెరువుండ్రి!" ఒంటి చుక్కను చూస్తే ఇంటికి కీడు. పొరపాటున ఒక్కటి కంటబడితే, రెండోది దొరికేదాకా రెప్ప వేయకుండా వెతకాలి. మేం దాన్ని ఆటగా ఆడేవాళ్లం. ఒక్కటి కనపడగానే కేకలు పెట్టి, వాకిలంతా తిరిగి, రెండోది దొరకగానే చప్పట్లు కొట్టేవాళ్లం. ఆ ఆట ఎప్పుడూ ఎక్కువసేపు సాగేది కాదు. మా ఊరి ఆకాశంలో రెండోది వెతికేలోపే పదోది వచ్చేసేది.

బాపు దుబాయి పోయిన రోజున అవ్వ ఎల్లమ్మకు మొక్కింది. ఆయన మళ్లీ గడప తొక్కేదాకా రోజూ ఒక్కపొద్దు ఉంటానని, మాపటికి రెండు చుక్కలు చూసిన తర్వాతే మెతుకు ముడతానని. అందరూ ఏడాదికో రెండేళ్లకో తిరిగి వస్తున్నారు కదా, అంతవరకే కదా అనుకుంది. పగలంతా చాయ నీళ్లు. దీపాల వేళకు చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని, వాకిట్లో నిలబడి రెండు చుక్కలకు దండం పెట్టి లోపలికి వచ్చేది. మక్క గటుక, ఎల్లిపాయ కారం, ఉన్ననాడు సల్ల. వానాకాలం మబ్బు పట్టి చుక్కలు కనపడకపోతే బాపమ్మే సెలవు ఇచ్చేది. "మబ్బు దేవునిది. ఆయినె తలుపేసుకుంటే నువ్వేం జేస్తవ్? తిను." ఆ సెలవు సంగతి గుర్తు పెట్టుకోండి. మా అవ్వ దాన్ని, మబ్బు దేవునిదన్న మాటతో సహా గుర్తు పెట్టుకుంది కాబట్టే ఆమెకు అన్ని తిప్పలు వచ్చాయి.

మొదట్లో బాపు దగ్గర నుంచి క్యాసెట్లు వచ్చేవి. కోరుట్లకు సెలవు మీద వచ్చినవాళ్లు తెచ్చి ఇచ్చేవాళ్లు. టేపురికార్డరు ఉన్న ఇంటికి పోయి, పది మంది వింటుండగా అవ్వ బాపు గొంతు వినేది. ఎడారిలో రోడ్డు పని అని, రాత్రి బయటే పడుకుంటామని, గొర్రుకొయ్యలు మన ఊళ్లో కంటే దగ్గరగా కనపడుతున్నాయని చెప్పేవాడు. చివరి క్యాసెట్లో గొంతు మారింది. "గిప్పుడు పెద్ద పట్నంల ఏసిండ్రు. ఎత్తు బంగ్లాలు కడుతున్నం. లైట్లే లైట్లు. పొద్దేదో రాత్రేదో ఎరుకైతలేదు. ఒక్క చుక్క కనవడితే ఒట్టు." అంతే. ఆ తర్వాత క్యాసెట్ రాలేదు. మనిషి రాలేదు. అతనితో పోయినవాళ్లను అడిగితే వేరే క్యాంపుకు మార్చారన్నారు. ఇంకొకరు కంపెనీ మూతపడిందన్నారు. మా చిన్నమ్మ మాత్రం, "అక్కడ ఇంకో దాన్ని వెట్టుకున్నడేమో తియ్యి," అంది. పప్పు కడుగుతూ అంది. నేను పక్కనే ఉన్నాను.

ఆ రోజుల్లో దుబాయి పోయినా వచ్చినా బొంబాయి మీదుగానే. పంపించిన ఏజెంటు ఆఫీసు అక్కడే, విమానం దిగేదీ అక్కడే. అవ్వ పుట్టిల్లు సిరిసిల్ల. ఆమె తమ్ముడు, మా మామ, సిరిసిల్లలో సాంచలు, అంటే మరమగ్గాలు, నడపడం నేర్చుకుని భివండికి వలస పోయాడు. "అక్కడుంటె ఏజెంటును రోజు అడుగచ్చు. దిగంగనే ముందు నేనే చూస్త," అని అవ్వ నన్ను తీసుకుని బొంబాయి బస్సెక్కింది. బాపమ్మ ఆపలేదు. వాకిట్లో నిలబడి ఒక్కటే అంది. "మొక్కు మరువకు."

భివండిలో మామ ఉండేది సాంచల సందులో. ఒక్కటే గది. మధ్యలో చీర కట్టి అటు మామ, అత్త, ఇటు మేం. పగలూ రాత్రీ సాంచల చప్పుడు. గోడకు చెయ్యి ఆనిస్తే గోడ వణికేది. అవ్వకు నూలు కండెలు చుట్టే పని దొరికింది. దిగిన మొదటి మాపటి వేళ ఆమె చేతులు కడుక్కుని సందులోకి వచ్చి తల ఎత్తింది. నేనూ ఎత్తాను. పైన ఆకాశం లేదు. కాలిన ఇటుక రంగులో ఏదో ఒక పొగ కప్పు ఉంది. ప్రతి సాంచల షెడ్డు మీదా ట్యూబులైట్లు, రోడ్డు పొడుగునా పసుప్పచ్చని పెద్ద లైట్లు, సందు చివర బట్టలకు రంగులేసే మిల్లు, దాని గోడ మీద సూర్యుడిలాంటి ఒక దీపం. ఆ వెలుగంతా పైకి పోయి, పొగకు తగిలి, మళ్లీ మా మీదే పడుతోంది. మేం మెడలు నొప్పి పుట్టేదాకా చూశాం. దారిన పోయేవాళ్లు కూడా ఆగి, ఏముందో అని పైకి చూసి, ఏమీ లేకపోయేసరికి మమ్మల్ని చూసి పోయారు.

అవ్వ ఆ రాత్రి తినలేదు. మర్నాడూ తినలేదు. మూడో నాడు మామ ఆమె ముందు కూర్చున్నాడు. పళ్లెం మధ్యలో ఉంది.

"అక్కా, మబ్బు వడితె తిందురు గద? గిది గూడ మబ్బే అనుకో."

"మబ్బు దేవుడు వెట్టిండు," అంది అవ్వ. "గీ లైట్లు దేవుడు వెట్టిండా?"

"మరి ఎవలు వెట్టిండ్రో పోయి ఆల్లనడుగు!" అని చీర అవతలి నుంచి అత్త అంది. "గింత అన్నం కుక్కకన్న ఏత్త. పెట్టినోల్లకు పుణ్యమన్న దక్కుతది."

అత్త చెడ్డదని కాదు. ఆమెకు ఆమె కష్టాలున్నాయి. కానీ నాకు రెండోసారి అన్నం వడ్డించేటప్పుడు ఆమె గరిటె గిన్నె అంచు దగ్గర ఒక్క క్షణం ఆగేది. ఆ ఆగడం నాకు ఇవాళ్టికీ తెలుస్తుంది. ఎవరింట్లో భోంచేసినా నా కళ్లు ముందు గరిటె మీదికే పోతాయి. అవ్వ తెల్లారి పొద్దు పొడుపు చూసి ఒక అరటిపండు, చాయలో ముంచిన పావు రొట్టె తినేది. అది అన్నం కాదు కాబట్టి మొక్కు చెడదని ఆమె తనకు తాను ఇచ్చుకున్న సెలవు. అంతకు మించి దిగలేదు. నెల తిరిగేసరికి గాజులు మోచేతి దాకా జారాయి.

అసలు నేను ఫిర్యాదులు చెయ్యడం అక్కడే మొదలుపెట్టాను. రంగుల మిల్లు వాచ్‌మన్ దగ్గరికి పోయి, గోడ మీది లైటు కాసేపు తీసెయ్యమని వచ్చీరాని హిందీలో అడిగాను. ఎందుకన్నాడు. మా అవ్వ అన్నం తినాలన్నాను. అతను లోపలున్నవాళ్లను పిలిచి మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ చెప్పాను. వాళ్లు నవ్వారు. ఒకడు, "తారే దేఖ్నా హై తో గావ్ మే రహెనా థా," అన్నాడు. చుక్కలు చూడాలనుకుంటే ఊళ్లోనే ఉండాల్సింది. ఊళ్లో ఉండగలిగితే అక్కడికి ఎందుకు పోతాం? ఆ జవాబు అప్పుడు నా నోటికి హిందీలో రాలేదు. తర్వాత హిందీ బాగా నేర్చుకున్నాను. ఆ మనిషి మళ్లీ కనపడలేదు.

ఒకనాడు సందె వేళ కరెంటు పోయింది. సందు ఒక్కటే కాదు, ఊరంతా. సాంచలు ఒక్కసారిగా ఆగేసరికి చెవులు గుయ్యిమన్నాయి. అవ్వ నా చెయ్యి పట్టుకుని మా గది ఉన్న బంగ్లా డాబా మీదికి పరుగెత్తింది. అంత నీరసం మనిషి మెట్లు ఎట్లా ఎక్కిందో తెలియదు. పైన చుక్కలు. మా ఊళ్లో ఉన్నన్ని కావు, కానీ ఉన్నాయి. తూర్పున గొర్రుకొయ్యలు నిలువుగా లేస్తున్నాయి. అవ్వ వాటిని చూసి బంధువులు ఎదురైనట్టు ఏడ్చింది. కిందికి వచ్చి, చీకట్లోనే, చల్లారిన అన్నం కూర లేకుండా కడుపునిండా తిన్నది. బయట సందులో మాత్రం తిట్లు వినపడుతున్నాయి. సాంచ ఆగితే కూలి ఆగుతుంది. మర్నాడు కరెంటు మళ్లీ పోయింది, అవ్వ మళ్లీ డాబా ఎక్కింది. ఆ సంగతి సందంతా పాకింది. సిరిసిల్ల మనిషే, మామతో కలిసి పనిచేసేవాడే, మా తలుపు ముందు నిలబడి అడిగాడు.

"ఏమక్కా, నీ కడుపు నిండినట్టుంది. మా కడుపులు మాడినయి. నీ చుక్కల కోసం రోజు కరెంటు తీపిచ్చుమని మొక్కుతున్నవా ఏంది?"

"నేనెందుకు మొక్కుత తమ్మీ?" అంది అవ్వ.

"మొక్కకపోతె మరి నవ్వుకుంట ఎందుకు దిగినవ్ మెట్లు?"

అవ్వ నవ్వింది నిజమే. నేను చూశాను. ఎన్నో రోజుల తర్వాత నవ్విన ఒక్క నవ్వును కూడా ఆ మనిషి లెక్క కట్టి అడిగాడు. ఆ వారమే బంగ్లా సేటు డాబాకు తాళం వేయించాడు. కండెల దగ్గర ఆడవాళ్లు అవ్వతో మాట్లాడటం మానేశారు.

ఇక మాకు మిగిలింది సందు చివర, మురికి కాలువ పక్కన పనికిరాని నూలు పోగులు పారేసే ఖాళీ జాగా. అక్కడి నుంచి పడమట కొంచెం తెరిపి ఉంది. అక్కడే మాకు ఒక చుక్క దొరికింది. రంగుల మిల్లు పొగగొట్టం పక్కన, ఎన్ని లైట్లున్నా లొంగకుండా వెలిగే పెద్ద చుక్క. ఒకటే. రోజూ అదే, రోజూ ఒంటరిగానే. ఏమీ కనపడని రోజులే నయం అనిపించింది. అది కనపడగానే అవ్వ కొంగు ముఖానికి కప్పుకునేది. "బిడ్డా, రెండోది వెతుకు," అనేది కొంగు లోపల నుంచి. నేను వెతికేదాన్ని. ఊళ్లో చప్పట్లు కొట్టి ఆడిన ఆటే. ఆ జాగాలో నిలబడి, ముక్కు మూసుకుని, నలుమూలలూ వెతికి, "దొరుకలే అవ్వా," అని రోజూ చెప్పేదాన్ని. ఆమె కొంగు తీయకుండానే నా భుజం పట్టుకుని గుడ్డిదానిలా ఇంటికి నడిచేది. ఒకరోజు కండెల మిషను మీదికే తూలి పడింది. కణత చీరింది. మామ ఆమె కాళ్లు పట్టుకుని, "నువ్వు సచ్చినంక బావ అచ్చి ఏం జేసుకుంటడే?" అని ఏడ్చాడు. ఏజెంటు ఆఫీసుకు పోతే అక్కడ ఇంకెవరిదో బోర్డు ఉంది.

ఆ కణత మీద కట్టుతోనే ఒక సందె వేళ మేం కాలువ దగ్గర నిలబడ్డాం. ఒంటి చుక్క ఉంది. అవ్వ కొంగు కప్పుకుంది. నేను వెతుకుతున్నాను. అంతలో, పొగగొట్టానికి ఇవతల, చాలా కిందుగా ఇంకొకటి కనపడింది. కదలడం లేదు. స్థిరంగా, తెల్లగా వెలుగుతోంది. నా గొంతు నాకే కొత్తగా వినపడింది. "అవ్వా! రెండోది!" అవ్వ కొంగు తీసింది. మొదటిదాన్ని చూసి, రెండోదాన్ని చూసి, రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకుంది. పెదాలు కదులుతున్నాయి. ఆమె కళ్లు తెరిచేసరికి ఆ చుక్క పెద్దదైంది. ఇంకా పెద్దదైంది. దానికి రెక్కలు వచ్చాయి, ఎర్రటి మిణుకు వచ్చింది, చప్పుడు వచ్చింది. మా నెత్తి మీదుగా వచ్చి, మలుపు తిరిగి, బొంబాయి వైపు దిగుతూ పోయింది. మావైపు ఎదురుగా వచ్చే విమానం చాలాసేపు కదలనట్టే కనపడుతుందని మాకెట్లా తెలుస్తుంది? మా ఊరి మీద విమానాలు దిగవు.

నాకు ఏడుపు వచ్చింది. "అది చుక్క గాదే అవ్వా. ఇమానం. లెక్కకు రాదు."

అవ్వ అది పోయిన దిక్కే చూస్తోంది. "అదెటు నుంచి అచ్చిందే?" అంది.

"పడమటి దిక్కు నుంచి."

"మీ బాపు దిక్కు నుంచి," అంది. తనతో తాను చెప్పుకున్నట్టు మళ్లీ అంది. "నిలవడ్డ చుక్కలకు ఇన్నొద్దులు మొక్కిన. ఏం తెచ్చిచ్చినయి? గిది అచ్చే చుక్క. అండ్ల ఉన్నడో ఏమో. పా, బువ్వ తిందాం."

ఆ రోజు నుంచి అవ్వ రోజూ తిన్నది. ఒక చుక్క, ఒక విమానం. సందె వేళకు ఏదో ఒకటి తప్పకుండా దిగేది. కణత మీద గాయం మానింది. గాజులు మళ్లీ ముంజేతికి వచ్చాయి. అత్త కూడా, "ఇమానమో గిమానమో, తింటాంది గదా," అని మొదటిసారి ఆమె పళ్లెంలో గరిటె ఆపకుండా వడ్డించింది. మాకు భివండిలో మంచి రోజులంటే అవే.

బాపు వచ్చాడు. డబ్బాలో వచ్చాడు. పట్నంలో పని చేస్తూ గుండె ఆగిందన్నారు, అంతకు మించి ఎవరూ ఏమీ చెప్పలేదు. మామ పోయి సంతకం పెట్టి తెచ్చాడు. ఏ విమానంలో వచ్చాడో నేను ఎవరినీ అడగలేదు. మేం చూసి మొక్కినవాటిలో ఒకటి అయ్యుంటుంది. అవ్వ కూడా అడగలేదు. కానీ వ్యానులో ఊరికి తిరిగి వస్తున్న దారి పొడుగునా ఆమె కిటికీ వైపు ఒక్కసారి కూడా తల తిప్పలేదు.

వాకిట్లో డబ్బా దించారు. ఊరంతా ఉంది. బాపమ్మ కొడుకు ముఖం చూసింది, గుండెలు బాదుకుంది, తర్వాత ఏడుపు ఆపి, అవ్వను దగ్గరికి పిలిచి అడిగింది. "మొక్కు తప్పకుంట చేసినవా? రెండు చుక్కలు చూసే తిన్నవా?"

అవును అంటే సరిపోయేది. భివండి ఆకాశం గురించి ఆ వాకిట్లో తెలిసినవాళ్లు మేం తప్ప ఎవరూ లేరు. మామ వెనక నుంచి అవ్వ కొంగు లాగుతున్నాడు. కానీ ఎల్లమ్మకు మొక్కిన మొక్కు మీద, మొగుని పీనుగ ముందు అబద్ధం ఆడటం మా అవ్వకు చేతకాలేదు.

"ఒక చుక్క, ఒక ఇమానం," అంది.

చిన్నమ్మ ముందుకు వచ్చింది. ఏడ్చి ఏడ్చి ఎర్రబడ్డ ముఖంతోనే అంది. "ఇమానానికి మొక్కితె ఇమానమే తెచ్చిచ్చింది."

అంతే, ఆ మాట నిలిచిపోయింది. చావుకు వచ్చినవాళ్లు దాన్ని తమ తమ ఊళ్లకు మోసుకుపోయారు. ఆనాటి నుంచి మా అవ్వ ఇమానమామె. కోరుట్ల అంగట్లో, బీడీల కార్ఖానా వరసలో, చివరికి నా పెళ్లి మాటల్లో కూడా, "ఇమానమామె బిడ్డనా?" అన్నారు. మొగుణ్ణి పంపినవాడి పేరు ఎవరికీ గుర్తు లేదు. ఆయనను రాత్రీ పగలూ పనిచేయించినవాళ్ల ఊసే లేదు. ఎండిన చెరువు పేరెత్తినవాళ్లు లేరు. ఆకలికి తట్టుకోలేక ఒక ఆడమనిషి తప్పు చుక్కను చూసింది, అందుకే ఆయన పోయాడు. ఇదీ మా వాళ్లు తేల్చిన న్యాయం. బాపమ్మ పోయేదాకా అవ్వ చేతి నీళ్లు తాగలేదు. అవ్వ తర్వాత చాలా కాలం బతికింది, బీడీలు చేసి నన్ను చదివించింది. కానీ సందె వేళ వాకిట్లోకి రావాల్సి వస్తే తల వంచుకునే వచ్చేది. ఆకాశం చూడటం ఆమె పూర్తిగా మానేసింది. ఒక్కసారి కూడా ఎవరికీ ఎదురు చెప్పలేదు. ఆమె చెప్పని మాటలన్నీ నాలో పేరుకున్నాయి. అందుకే నేను పనిచేసిన ప్రతి బడిలోనూ నాకు పోట్లాడే పంతులమ్మ అని పేరు.

జగిత్యాలలో మా ఇంటి ముందు ఎత్తు స్తంభం వేసి, దాని నెత్తిన లైట్ల గుత్తి కట్టారు. రాత్రి నా డాబా మీద సూదిలో దారం ఎక్కించవచ్చు. మున్సిపల్ ఆఫీసుకు పోయి దరఖాస్తు ఇచ్చాను. అక్కడి పెద్దమనిషి తల పట్టుకున్నాడు. "మేడం, లైటు లేదని అందరు అస్తరు. లైటున్నదని వచ్చేది మీరొక్కలే. చీకట్ల ఏం జేస్తరు?" చుక్కలు చూస్తానన్నాను. భివండిలో వాచ్‌మన్ నవ్వినట్టే నవ్వాడు. ఇప్పటికీ నెలకోసారి పోతున్నాను. నన్ను చూడగానే కుర్చీలు ఖాళీ అవుతున్నాయి. పోనీ, మా ఊళ్లోనైనా చీకటి మిగిలి ఉంటుందనుకున్నాను. ఆ రోజు చిన్నమ్మ వాకిట్లో నిలబడి తల ఎత్తితే తెలిసింది. ప్రతి స్తంభానికీ తెల్లటి లైటు, ఊరి బయట రైస్ మిల్లు, ఫంక్షన్ హాలు. దుబాయి డబ్బుతో కట్టిన బంగ్లాల మీద అర్ధరాత్రి దాకా రంగుల దీపాలు. ఊరి నెత్తిన అదే కాలిన ఇటుక రంగు. భివండి మా ఇంటికే నడిచి వచ్చింది.

అప్పుడు రజిత చేతులు కడుక్కుని వాకిట్లోకి వచ్చింది. ఫోను తీసి, రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకుంది. ఏం చేస్తోందో మొదట అర్థం కాలేదు. మస్కట్‌లో భర్త కంపెనీలో జీతాలు ఆగాయట, అతని దగ్గర నుంచి ఫోను రాక చాలా రోజులైందట. ఆమె ఒక్కపొద్దు ఉంటోంది. ఫోనులో చుక్కలు చూపించే యాప్ ఏదో ఉందట. వెలుగెంత ఉన్నా, ఫోను ఎటు తిప్పితే అటు దిక్కున ఉండాల్సిన చుక్కలు నల్లటి తెర మీద కనపడతాయి. నేను వెనక నిలబడి చూశాను. తూర్పుకు తిప్పినప్పుడు గొర్రుకొయ్యలు వచ్చాయి. చెయ్యి జారి ఫోను కిందికి వాలితే చిన్నమ్మ మంచం కింద కూడా చుక్కలే. ఆమె మళ్లీ పైకి ఎత్తి దండం పెట్టుకుంది.

మంచం మీది నుంచి చిన్నమ్మ అడిగింది. "కనవడ్డయా బిడ్డా? రెండు?"

"కనవడ్డయి అత్తమ్మా."

"ఇగ తిను మరి. ఎంతసేపు కడుపు మాడ్చుకుంటవ్."

నా ఒళ్లంతా మండింది. మా అవ్వ చూసిన విమానం నిజంగా ఆకాశంలో ఉంది. నిజంగా వెలిగింది. అది లెక్కకు రాలేదు. మంచం కింద కూడా కనపడే ఫోను చుక్క లెక్కకు వచ్చింది. అదే వాకిలి. అదే మనిషి నోరు. ఇంతకాలం నాలో దాచిన మాట గొంతు దాకా వచ్చింది. నేను నోరు తెరిచాను.

రజిత పళ్లెం ముందు కూర్చుని తినకుండా నా వైపు చూస్తోంది. "వదినే," అంది భయంగా, చిన్నమ్మకు వినపడకుండా. "గిది లెక్కకు అస్తదంటవా? నాకు బుగులైతాంది."

ఆ ముఖం నాకు తెలుసు. అవ్వ కొంగు తీసి రెండోదాన్ని చూసినప్పటి ముఖం. మస్కట్ నుంచి మంచి కబురు వస్తే ఈ ఫోను సంగతి ఎవరికీ గుర్తుండదు. చెడ్డ కబురు వస్తే మాత్రం ఇదే వాకిట్లో ఇదే ప్రశ్న వస్తుంది. ఆమె కూడా మా అవ్వలాగే నిజం చెబుతుంది. అన్నీ మరిచిన ఈ చిన్నమ్మ అది ఒక్కటి మరవదు.

నేను పోయి రజిత ఎదురుగా చాప మీద కూర్చున్నాను. "తిను," అన్నాను. "రేపు ఎవలన్న అడిగితె ఏం చూసినవో చెప్పకు. మా జగిత్యాల వదినె తినుమన్నది, తిన్న, అని చెప్పు. నా పేరే చెప్పు."

"నీ పేరెందుకు వదినే?"

"చెప్పుమంటె చెప్పు."

చిన్నమ్మ మంచం మీద కదిలింది. "ఏమంటాందే ఇమానమామె బిడ్డ?"

"తినుమంటున్న!" అన్నాను, వీధిలోకి వినపడేటట్టు. "నేనే తినుమంటున్న చిన్నమ్మా. గిది గూడ యాది వెట్టుకో."

రజిత మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని మింగేదాకా నేను అక్కడి నుంచి కదల్లేదు.